స్పానిష్‌లో ‘గాతో’ అంటే పిల్లి ఒక్కటే కాదు: ఈ మాటని తడబడకుండా వాడటం ఎలా?

డాలస్ శివార్లలో ఒక ఆదివారం మధ్యాహ్నం నా కారు టైరు పంచరైంది. డిక్కీలో స్టెప్నీ ఉంది కానీ జాకీ ఎంత వెతికినా కనబడలేదు. ఇంతలో వెనకాల ట్రక్కు ఆపుకుని ఒక మెక్సికన్ పెద్దాయన దిగాడు. టైరు వంక చూశాడు, నా వంక చూశాడు, “త్రాయె గాతో?” అన్నాడు.

అప్పటికి నాలుగు నెలలుగా ఫోన్ యాప్‌లో స్పానిష్ వెలగబెడుతున్నాను. త్రాయె అంటే తెచ్చారా, గాతో అంటే పిల్లి. ఎండలో రోడ్డు పక్కన నిలబడ్డవాణ్ణి పట్టుకుని పిల్లిని తెచ్చావా అంటాడేమిటి ఈయన అనుకుని, మర్యాద పోకుండా “నో, తెంగో పెర్రో” అన్నాను. లేదండీ, మాకు కుక్క ఉంది అని. ఆయన ఒక్క క్షణం ఆగి, టోపీ తీసి మరీ నవ్వాడు. ట్రక్కులోకి వంగి బరువైన ఇనుప వస్తువు ఒకటి బయటికి తీసి, రెండు చేతులతో ఎత్తి చూపించి, “గాతో!” అన్నాడు. జాకీ!

యాప్ నాకు అబద్ధం చెప్పలేదు. గాతో అంటే పిల్లే. కాకపోతే అది జాకీ, ఫోన్ మీద హ్యాష్ గుర్తు, పిల్లలాడుకునే ఆట కూడా. మాడ్రిడ్‌లో గొప్పగా చెప్పుకునే మాట, మెక్సికోలో తిట్టు. ఏ సందర్భంలో ఏది అనేది గాతో ఒక్కదాన్నే పట్టుకుని చూస్తే తేలదు. దాని ముందున్న బుల్లి మాట, దాని పక్కనున్న క్రియ, మాట్లాడుతున్న మనిషి ఊరు, ఈ మూడూ చూడాలి. అమెరికాలో పిల్లలు స్కూల్లో స్పానిష్ తీసుకుంటే వాళ్ళతో పాటు కుస్తీ పడుతున్న అమ్మానాన్నలకీ, నాలా యాప్ పట్టుకుని మొదలుపెట్టినవాళ్ళకీ పనికొస్తుందని, నేను పడుతూ లేస్తూ నేర్చుకున్న క్రమంలోనే రాస్తున్నాను.

ఉచ్చారణలన్నీ లాటిన్ అమెరికా పద్ధతిలో ఇస్తున్నాను. స్పెయిన్‌లో ఎక్కువ చోట్ల కొన్ని ‘స’లు ‘థ’కి దగ్గరగా పలుకుతాయి. ఎన్సెర్రాదో అక్కడ ఎన్థెర్రాదో అవుతుంది. అంతకుమించి ఇక్కడ పెద్ద తేడా రాదు.

మొదటి మెట్టు: నోరు సరిచేసుకోండి

ఈ మెట్టు మనకి చాలా తేలిక. గాతోలో ఉన్నది ‘త’. నాలుక కొన పళ్ళకి తగలాలి. ఇంగ్లీషువాళ్ళు ఏళ్ళ తరబడి నేర్చుకున్నా ‘గాటో’ అనే అంటుంటారు, ఎందుకంటే వాళ్ళకి ఆ ‘త’ లేదు. మనకి పుట్టుకతో ఉంది. ప్రమాదం ఎక్కడంటే, ఇంగ్లీషు లిపిలో కనబడగానే మన బుర్ర దాన్ని ఇంగ్లీషు మాట అనుకుని ‘ట’ కొట్టేస్తుంది. అందుకే మొదటి నెల రోజులు మాటల్ని నోటుబుక్కులో తెలుగు లిపిలో రాసుకోండి. ‘త’, ‘ద’ అని రాసుకుంటే ఇక నోరు తప్పదు.

చివరి ‘ఓ’ని సాగదీయకండి. చదవడానికి బాగుంటుందని గాతో అని రాస్తున్నాను కానీ ‘ఒక’లో వచ్చే పొట్టి ‘ఒ’ లాగే అనాలి. బరువంతా ‘గా’ మీద పడుతుంది.

ఇంకో చిన్న సంగతి. ‘ఒక పిల్లి’ అనడానికి ఉన్ గాతో అని రాస్తారు, పలికేటప్పుడు మాత్రం అది ‘ఉంగాతో’. మన గంగలో, వంకాయలో సున్నా ఎలా పలుకుతుందో అచ్చం అలాగే. దానికోసం మీరు ప్రత్యేకంగా ఏమీ చెయ్యక్కర్లేదు, తెలుగు నోరే ఆ పని చేసుకుపోతుంది. ‘మీ గాతో’, అంటే నా పిల్లి, అన్నప్పుడు రెండు అచ్చుల మధ్య పడిన ‘గ’ కాస్త మెత్తబడుతుంది, గొంతు పూర్తిగా మూసుకోదు. అది వింటూ ఉంటే అదే పట్టుబడుతుంది, దాని గురించి టెన్షన్ పడకండి.

రెండో మెట్టు: ఆడా మగా తేల్చుకోండి

గాతో మగది, గాతా ఆడది. మగదా ఆడదా తెలియనప్పుడు, గుంపుగా చెప్పినప్పుడు గాతో, గాతోస్ అనే అంటారు. మనం ప్రత్యేకంగా చెప్పాలనుకున్నప్పుడే గండుపిల్లి అంటాం, లేకపోతే అన్నీ పిల్లులే కదా. ఇక్కడ అలా కాదు, ఒకసారి తేల్చుకున్నాక వెంట వచ్చే విశేషణం కూడా దాన్నే అనుసరిస్తుంది. నల్లపిల్లి మగదైతే గాతో నేగ్రో, ఆడదైతే గాతా నేగ్రా.

పిల్లికూనని గతీతో, ఆడదైతే గతీతా అంటారు. లాటిన్ అమెరికాలో ఈ ‘ఈతో’ని అన్నిటికీ తగిలిస్తారు. పదేళ్ళ ముసలి పిల్లి కూడా ముద్దొస్తే గతీతోనే.

మూడో మెట్టు: ‘ఆ’ ఉందా లేదా చూడండి

అన్నిటికన్నా ఎక్కువసేపు కూర్చోవలసింది ఈ మెట్టు మీదే. నా అనుభవంలో పుస్తకాలు దీన్ని రెండు లైన్లలో చెప్పి దాటేస్తాయి. తెలుగువాళ్ళకి మాత్రం దీనికి ఇంట్లోనే తాళంచెవి ఉంది.

మనం ‘పుస్తకం చూశాను’ అంటాం. ‘పిల్లి చూశాను’ అనం, ‘పిల్లిని చూశాను’ అంటాం. ప్రాణం ఉన్నదానికి ‘ని’ తగిలించకపోతే వాక్యం నడవదు. ఈ సంగతి మనకి ఎవరూ నేర్పలేదు, అమ్మ మాటల్లోంచి వచ్చేసింది. స్పానిష్‌లో ఇలాంటి పనే ‘ఆ’ అనే చిన్న మాట చేస్తుంది. కర్మ మనిషైతే దాని ముందు ‘ఆ’ వస్తుంది, వస్తువైతే రాదు.

మరి జంతువైతే? అక్కడే మనకీ వాళ్ళకీ తేడా. మనం వీధిపిల్లికైనా పెంపుడు పిల్లికైనా ‘ని’ పెట్టేస్తాం. వాళ్ళు మాత్రం, ఆ జంతువుని ఇంట్లో మనిషిలా చూసుకుంటేనే ‘ఆ’ పెడతారు. ‘బుస్కో ఆ మీ గాతో’ అంటే మా పిల్లిని వెతుకుతున్నాను అని. ‘బీ ఉంగాతో ఎన్ లా కాయె’ అంటే వీధిలో ఒక పిల్లిని చూశాను అని. రెండోదాంట్లో ‘ఆ’ లేదు చూడండి. అది ఎవరి పిల్లో, ఏ పిల్లో మాట్లాడేవాడికి పట్టలేదు.

ఇప్పుడు జాకీ దగ్గరికి రండి. ‘యేబో అల్ గాతో అల్ బెతెరినార్యో’ అంటే పిల్లిని పశువుల డాక్టరు దగ్గరికి తీసుకెళ్తున్నాను. ఇందులో ‘అల్’ అంటే ‘ఆ’, ‘ఎల్’ కలిసిపోయిన రూపం. ‘ఎల్’ అంటే ఇంగ్లీషు ‘ది’ లాంటిది. ‘యేబో ఎల్ గాతో ఎన్ ఎల్ కార్రో’ అంటే? ఎల్ మాత్రమే ఉంది, ‘ఆ’ లేదు. కారులో జాకీ పెట్టుకుని తిరుగుతున్నానని. రోడ్డు పక్కన ఆ పెద్దాయన అన్న మాటలో ‘ఆ’ లేదు, ‘ఎల్’ లేదు, ‘ఉన్’ కూడా లేదు. ఉత్త ‘గాతో’. పంచరైన కారు పక్కన నిలబడి, క్యారేజీ తెచ్చావా అన్నట్టు అడిగితే అది వస్తువే అని నాకు తట్టి ఉండాల్సింది.

ఒక్క మినహాయింపు గుర్తుంచుకోండి. నాకు పిల్లి ఉంది అనేటప్పుడు ‘తెంగో ఉంగాతో’ అంతే. ఎంత గారాబంగా పెంచుకున్నా అక్కడ ‘ఆ’ రాదు.

నాలుగో మెట్టు: ఎదుటివాళ్ళది ఏ దేశమో కనుక్కోండి

జాకీ అన్న అర్థం స్పెయిన్‌లోనూ, మెక్సికోలోనూ, ఇంకా చాలా దేశాల్లోనూ నడుస్తుంది. పూర్తిగా చెప్పాలంటే గాతో ఇద్రౌలికో, హైడ్రాలిక్ జాకీ. చిలీ, పెరూ వెళ్తే అది ఆడదైపోయి గాతా అవుతుంది. మెక్సికో మనిషితో మాట్లాడుతుంటే టైరు పంచరైందని చెప్పడానికి ‘సె మె పొంచో లా యాంతా’ అనండి. ఆ పొంచో కూడా మన పంచరులాగే ఇంగ్లీషు నుంచి ఊడిపడ్డదే, అందుకే ఒక్కసారి వింటే మర్చిపోరు.

ఫోన్‌లో రికార్డెడ్ గొంతు ‘మార్కె గాతో’ అందనుకోండి, కంగారు పడకుండా హ్యాష్ నొక్కండి. మెక్సికోలో, చిలీలో ఆ గుర్తు పేరు గాతో. ఎందుకంటే తొమ్మిది గళ్ళలో సున్నాలూ ఇంటూలూ పెట్టే ఆట పేరు అక్కడ గాతో, ఆ గళ్ళకోసం గీసే నాలుగు గీతలు హ్యాష్‌లాగే ఉంటాయి. స్పెయిన్‌లో ఆ ఆటని త్రెస్ ఎన్ రాయా అంటారు, గుర్తునేమో అల్మొఅదీయా, అంటే చిన్న దిండు అంటారు. పెరూవాళ్ళు ఆటని మీచీ అంటారు. మీచీ అంటే కూడా పిల్లే! పిల్లికీ ఈ ఆటకీ ఏం సంబంధమో గానీ వేర్వేరు దేశాలవాళ్ళు రెండు వేరు మాటలతో అదే పిల్లిని పట్టుకున్నారు.

ఇక మనిషిని గాతో అనడం దగ్గర జాగ్రత్త. మాడ్రిడ్‌లో ఒకాయన ‘సోయ్ గాతో’, నేను పిల్లిని, అన్నాడంటే మీసం మెలేస్తున్నాడన్నమాట. నికార్సైన మాడ్రిడ్ మనిషిని అని దానర్థం. అక్కడ పుట్టినంత మాత్రాన సరిపోదు, అమ్మానాన్నలూ, తాతలూ అమ్మమ్మా నానమ్మలూ కూడా అక్కడే పుట్టి ఉండాలని పట్టుబట్టేవాళ్ళున్నారు. 11వ శతాబ్దం చివర ఆరవ అల్ఫోన్సో రాజు సైన్యం ఆ ఊరిని ముస్లిం పాలకుల నుంచి గెలుచుకున్నప్పుడు, ఒక సైనికుడు రాళ్ళ సందుల్లో బాకు గుచ్చుకుంటూ పిల్లిలా కోటగోడ ఎక్కేశాడని, అప్పటినుంచీ ఆ పేరు వచ్చిందని కథ చెబుతారు. చరిత్రగా దాన్ని ఎంతవరకు నమ్మాలో మీ ఇష్టం. చెప్పేవాళ్ళు మాత్రం గట్టిగా నమ్మే చెబుతారు.

అదే మాటని మెక్సికోలో ఒక మనిషి మీద వాడితే తిట్టు. పనివాడు, ఒకరి కింద చేతులు కట్టుకు నిలబడేవాడు అని చిన్నచూపు. ఇంట్లో పనిచేసే అమ్మాయిని గాతా అనడం మరీ అసహ్యంగా వినిపిస్తుంది. అర్జెంటీనాలో ఇంకా కిందికి దిగుతుంది. డబ్బుకి ఒళ్ళమ్ముకునే మనిషి అనే అర్థంలో వాడతారు. నలుగురిలో సరదాకి కూడా అనకండి. విచిత్రమేమిటంటే అదే అర్జెంటీనాలో గాతో అనే జానపద నృత్యం కూడా ఉంది, దాన్ని పిల్లా పెద్దా అందరూ ఆడతారు.

మధ్య అమెరికాలో కొన్నిచోట్ల లేత రంగు కళ్ళున్నవాళ్ళని గాతో అంటారు. ఇది మనకి విడమరిచి చెప్పక్కర్లేదు. పిల్లికళ్ళ పిల్ల అని మన ఊళ్ళలోనూ అనేదే.

ఐదో మెట్టు: నుడికారాల్ని మాట తీసెయ్యకుండా, చేర్చకుండా నేర్చుకోండి

మొదట ‘ఆయ్ గాతో ఎన్సెర్రాదో’. పిల్లిని లోపల పెట్టి తలుపేశారు అని మాట. ఏదో మతలబు ఉంది అని అర్థం. ఊరంతా రెండు వేల డాలర్లున్న ఇల్లు ఎవరో వెయ్యికి అద్దెకిస్తానంటే, ‘అకీ ఆయ్ గాతో ఎన్సెర్రాదో’ అనుకోవాలి. ఒకప్పుడు డబ్బు దాచుకునే సంచిని కూడా గాతో అనేవారు. పిల్లితోలుతో కుట్టేవారని చెబుతారు. అంటే లోపల దాచిపెట్టింది పిల్లి కాదు, మూట అన్నమాట.

గమనించండి, ఇందులో ‘ఉన్’ లేదు. మీరు వ్యాకరణం గుర్తొచ్చి మంచిగా ‘ఆయ్ ఉంగాతో ఎన్సెర్రాదో’ అన్నారనుకోండి, వినేవాళ్ళు లేచి వెళ్ళి తలుపు తీస్తారు. నిజంగానే పిల్లి ఎక్కడో ఇరుక్కుందని అర్థం మరి. ఒక్క సున్నా తేడాతో అనుమానం కాస్తా ప్రాణం ఉన్న పిల్లి అయిపోతుంది.

రెండోది ‘దార్ గాతో పోర్ ల్యేబ్రే’, కుందేలని చెప్పి పిల్లిని ఇవ్వడం. ఇక్కడ ల్యేబ్రే అంటే అడవి కుందేలు. ఇందులోనూ ‘ఉన్’ రాదు. పాతకాలం సత్రాల్లో తోలు ఒలిచేశాక పిల్లికీ కుందేలుకీ తేడా కనబడేది కాదని, వంటవాళ్ళు ఆ పని చేసేవారని అపవాదు. తినేవాళ్ళు పళ్ళెం ముందు నిలబడి చదివే మంత్రం కూడా ఒకటి ఉండేదట. “నువ్వు మేకపిల్లవైతే వేపుడుగానే ఉండు, పిల్లివైతే పళ్ళెంలోంచి దూకు” అని.

దీన్ని ఏ మోసానికి పడితే ఆ మోసానికి వాడకూడదు. మంచి సరుకు అని చెప్పి నాసిరకం అంటగడితేనే ఇది. మిరియాల్లో బొప్పాయి గింజలు కలిపితే, పట్టుచీర అని ఫొటో పెట్టి పాలిస్టర్ పంపితే, ‘మె ద్యేరోన్ గాతో పోర్ ల్యేబ్రే’ అనొచ్చు. డబ్బు తీసుకుని ఫోన్ స్విచాఫ్ చేసేస్తే అది వేరే కేసు, దానికి ‘మె ఎస్తఫారోన్’ అంటే సరిపోతుంది. పిల్లి కూడా ఇవ్వలేదు కదా పాపం.

మూడోదాని దగ్గరే నేను రెండోసారి బోర్లా పడ్డాను. ‘బుస్కార్లె త్రెస్ ప్యేస్ అల్ గాతో’. పిల్లికి మూడు కాళ్ళు వెతకడం. ఇది విన్న వెంటనే ఏ తెలుగువాడికైనా ఏం గుర్తొస్తుంది? తాను పట్టిన కుందేలుకు మూడే కాళ్ళు! నాకూ అదే గుర్తొచ్చింది. ఆఫీసులో ఒక సహోద్యోగి తన మాటే నెగ్గాలని మంకుపట్టు పడుతుంటే, కొలంబియా మిత్రుడి చెవిలో గర్వంగా ఈ నుడికారం ఊదాను. అతను అయోమయంగా చూసి, “అతను వెతకడం లేదుగా, ఒకటే మాట మీద ఉన్నాడు కదా” అన్నాడు.

నిజమే. స్పానిష్ పిల్లి వేరు, తెలుగు కుందేలు వేరు. మన సామెతలోవాడు మొండివాడు, ఎదురుగా నాలుగో కాలు చూపించినా ఒప్పుకోడు. వాళ్ళ నుడికారంలోవాడు పిల్లికి నాలుగు కాళ్ళున్నాయని అందరికీ తెలిసిన చోట లేని లెక్కలు తీసి, సూటిగా ఉన్నదాన్ని చిక్కుముడి చేస్తున్నాడు. మన భాషలో దానికి సరైన జోడీ కోడిగుడ్డు మీద ఈకలు పీకడం. ఇంకొంచెం వెనక్కి వెళ్తే ఈ సంగతి మరింత తేటగా కనబడుతుంది. కోవర్రూబియాస్ అనే పండితుడు 1611లో అచ్చువేసిన స్పానిష్ నిఘంటువులో ఉన్నది మూడు కాళ్ళు కాదు, ఐదు కాళ్ళు. ఎవడో తోకని కూడా కాలిగా లెక్కగట్టి నిరూపించబోయాడని ఆయన వివరణ. లాటిన్ అమెరికాలో కొన్నిచోట్ల ఇప్పటికీ ‘కింతా పాతా’, ఐదో కాలు అనే అంటారు. జంతువుల కాళ్ళని మామూలుగా పాతాస్ అనే అనాలి, ప్యేస్ మనుషుల పాదాలకి. ఈ నుడికారంలో మాత్రం పిల్లికి మనిషి పాదాలే మిగిలిపోయాయి, మీరు సరిదిద్దకండి.

అర్థమైపోయిన విషయాన్ని ఎవరైనా సాగదీస్తుంటే ‘నో లె బుస్కెస్ త్రెస్ ప్యేస్ అల్ గాతో’ అనండి. మొండిపట్టు పట్టినవాడి గురించైతే ‘తెర్కో కోమో ఉనా మూలా’, కంచరగాడిదలా మొండివాడు అనండి. లేదా ‘మంతెనేర్సె ఎన్ సూస్ త్రేసె’ ఉంది, తన పదమూడు మీదే కూర్చోవడం. మన మూడు కాళ్ళకి ఇది బాగా దగ్గర.

కొన్ని మాత్రం అచ్చుగుద్దినట్టు కలుస్తాయి. ‘క్యేన్ లె పోనె ఎల్ కస్కబేల్ అల్ గాతో?’ అంటే పిల్లి మెడలో గంట ఎవరు కడతారు? వాడుక కూడా ఇదే, మేనేజరుకి ఈ మాట చెప్పేదెవరు అన్న చోట వాడొచ్చు. కస్కబేల్ నిజానికి మన గజ్జెల్లో ఉండే మువ్వలాంటిది.

‘గాతో ఎస్కల్దాదో దెల్ ఆగ్వా ఫ్రీయా ఊయె’ అంటే, వేడినీళ్ళు పడి కాలిన పిల్లి చన్నీళ్ళు చూసినా పారిపోతుంది. దీన్ని పిల్లలకి నేర్పాలంటే తెనాలి రామకృష్ణుడి కథ చెప్పండి చాలు. రాయలవారిచ్చిన పిల్లికి మొదటిరోజే మరిగే పాలు పెడితే, ఆ తర్వాత పాలగిన్నె చూడగానే పారిపోయేది కదా. మా అబ్బాయికి ఈ సామెత ఒక్కసారికే వచ్చేసింది, వాడి టీచరుకి ఆ కథ చెప్పి వచ్చాడు కూడా.

మిగతావి గబగబా. ‘ఏరమోస్ క్వాత్రో గాతోస్’ అంటే మేం నాలుగు పిల్లులం, అంటే పట్టుమని పదిమంది కూడా రాలేదని. కచ్చితంగా నలుగురే ఉండక్కర్లేదు, కానీ మూడు పిల్లులనీ ఐదు పిల్లులనీ అనకూడదు. ‘తె కొమ్యో లా లెంగ్వా ఎల్ గాతో?’ అంటే పిల్లి నీ నాలుక తినేసిందా అని, బెల్లం కొట్టిన రాయిలా పలక్కుండా కూర్చున్న పిల్లల్ని అడిగేది. స్పానిష్ పిల్లికి ఏడు ప్రాణాలు, స్యేతె బీదాస్. ఇంగ్లీషు పిల్లికి తొమ్మిది. అమెరికాలో పెరిగే పిల్లలు పరీక్షలో ఇక్కడ తప్పకుండా తప్పుతారు, ముందే చెప్పి పంపండి.

గాతోలోంచి పుట్టిన మాటలు మూడైనా పట్టుకోండి. గతెయార్ అంటే పసిపిల్లలు పాకడం, దోగాడటం. ‘ఎల్ బెబే యా గతేయా’ అంటే బాబు అప్పుడే పాకుతున్నాడు అని. పెద్దవాళ్ళు మంచం కిందకి చెప్పుకోసం చేతులూ మోకాళ్ళ మీద వెళ్తే అది ‘ఆ గాతాస్’. తుపాకీ ట్రిగ్గర్ పేరు గతీయో. ఎందుకూ కొరగానివాణ్ణి పెలగాతోస్ అంటారు, పిల్లుల తోలు ఒలిచేవాడని.

ఆరో మెట్టు: మన పిల్లుల్ని అటు తోలకండి

గోడ మీద పిల్లిని స్పానిష్‌లో పెడితే అక్కడ అది గోడ మీద పిల్లే, ఎటు దూకుతుందని ఎవరూ ఎదురుచూడరు. ఆ అర్థానికి వాళ్ళు ‘నదార్ ఎంత్రె దోస్ ఆగ్వాస్’ అంటారు, రెండు నీళ్ళ మధ్య ఈదడం. పిల్లికి కూడా బిచ్చం పెట్టడు అన్నదాన్ని మాటకి మాటగా చెబితే జాలిపడతారు తప్ప పిసినారితనం అర్థం కాదు. మామూలుగా తకాన్యో అనండి. మెక్సికోవాళ్ళయితే మోచెయ్యి చూపించి ‘కోదో’ అంటారు, కోదో అంటే మోచెయ్యే. పిల్లి ఎదురొస్తే ఆగిపోవడం కూడా పూర్తిగా కలవదు. వాళ్ళకి అపశకునం నల్లపిల్లి మాత్రమే. గోధుమరంగు పిల్లి ఎదురొచ్చి మీరు చెప్పులు విప్పి రెండు నిమిషాలు కూర్చుంటే, కాళ్ళు నొప్పా అని అడుగుతారు.

ఏడో మెట్టు: నిఘంటువు చూసే పద్ధతి మార్చుకోండి

1713లో మొదలైన రాయల్ స్పానిష్ అకాడమీ తన నిఘంటువుని ఆన్‌లైన్‌లో ఉచితంగా పెట్టింది. అందులో గాతో తెరిస్తే మొదటి అర్థం దగ్గర ఆగిపోకండి. ప్రతి అర్థం ముందూ చిన్న పొట్టి అక్షరాలుంటాయి. అది ఏ దేశపు వాడుకో, ఇళ్ళలో మాట్లాడుకునేదో, చిన్నచూపుతో అనేదో వాటిలోనే ఉంటుంది. ‘దెస్పెక్త్’, అంటే చిన్నచూపు, అని కనబడితే ఆ అర్థం విని తెలుసుకోవడానికే, అనడానికి కాదు. లాటిన్ అమెరికా మాటలకి విడిగా 2010లో వేర్వేరు దేశాల స్పానిష్ అకాడమీలన్నీ కలిసి తెచ్చిన నిఘంటువు ఉంది, అదీ ఆన్‌లైన్‌లోనే దొరుకుతుంది.

నోటుబుక్కులో గాతో = పిల్లి అని రాసుకోకండి. ఒక పేజీ గాతోకి వదిలి, విన్న వాక్యం మొత్తం రాసి, పక్కన ఎవరు అన్నారు, ఏ దేశంవాళ్ళు, ఎక్కడ నిలబడి అన్నారు అని రాసుకోండి. నా పేజీలో మొదటి లైను ‘త్రాయె గాతో, మెక్సికో పెద్దాయన, పంచరైన కారు పక్కన’.

ఇప్పుడు ఈ నాలుగూ పైకి చదివి, ఏ గాతోనో మీరే చెప్పండి. ‘పారా కొంతిన్వార్, మార్కె గాతో’. ఫోన్ కాబట్టి హ్యాష్. ‘సోయ్ గాతా, కోమో మీ మాద్రె ఇ మీ అబ్వేలా’. అమ్మనీ అమ్మమ్మనీ లాక్కొచ్చింది కాబట్టి మాడ్రిడ్ ఆవిడ. ‘నో లో కోంప్రెస్, అకీ ఆయ్ గాతో ఎన్సెర్రాదో’. కొనొద్దంటున్నారు, ‘ఉన్’ లేదు, కాబట్టి మతలబు. ‘దోందె ఎస్తా ఎల్ గాతో?’, అంటే గాతో ఎక్కడుంది? ఇది కారు డిక్కీ ముందు నిలబడి అడిగితే జాకీ. వంటింట్లోంచి గట్టిగా కేకేసి అడిగారంటే, ముందు పాలగిన్నె మీద మూత ఉందో లేదో చూడండి.